నాలుగో గీత

మా బావ ఒంటరిగా రోడ్డు దాటడం మానేసి నాలుగేళ్ళయింది. పక్కన మా అక్కో, కూతురో, నేనో ఉంటే చెయ్యి పట్టుకుని దాటుతాడు. ఎవరూ లేకపోతే ఇంట్లోంచి కదలడు. అలాగని కళ్ళకు జబ్బేమీ లేదు. కళ్ళ డాక్టర్లు ముగ్గురు చూశారు. ఈ వయసులో ఇంత మంచి చూపు ఉండటం గొప్పే అన్నారు ముగ్గురూ. మూడో ఆయన దగ్గర అక్షరాల బోర్డులో అడుగు వరుస చదివి, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేశాడు. డాక్టరు నవ్వాడు. బావ నవ్వలేదు. "చదివాను సరే డాక్టరుగారూ, అక్కడ ఉన్నదే చదివానా?" అని అడిగాడు.

ఈ మనిషి గురించి చెబుదామని కూర్చున్నాను. చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆయన్ని ఈ గతికి తెచ్చింది నేనే.

బావది బట్టల మిల్లులో ఉద్యోగం. నేసిన బట్టను దీపాలు వెలిగే అద్దపు బల్ల మీదుగా లాగుతారు. బల్ల ముందు నిలబడి తెగిన పోగులు, నూనె మరకలు, నేతలో పడ్డ ముళ్ళు పట్టుకోవాలి. లోపం కనిపించిన చోట బట్ట అంచుకు ఎర్ర దారం ముక్క కట్టాలి. బావ దారం కట్టిన చోట రెండోసారి చూడక్కర్లేదని మిల్లులో పేరు. దాంతో మా అక్క ఆయన్ని బట్టల కొట్టుకు తీసుకెళ్ళేది కాదు. వెళ్తే కొట్టువాడికి ఏడుపే, ఈవిడకు ఉత్తచేతులే.

ఆదివారాలు మాత్రం వేరే లోకం. ఊరి చివర కార్ల పందేల ట్రాక్ ఉంది. అక్కడ ఇరవై రెండేళ్ళు స్టార్టు జడ్జిగా చేశాడు. జీతం లేదు. ఒక భోజనం పొట్లం, ఒక టోపీ. ఆ టోపీ కూడా మూడేళ్ళకోసారి. పందెం మొదలయ్యేముందు కార్లన్నీ వచ్చి ఎవరి గడిలో వాళ్ళు ఆగుతారు. గడికి ముందువైపు తెల్ల గీత ఉంటుంది, దాన్ని దాటకూడదు. పైన ఐదు ఎర్ర లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కాసేపు ఊపిరి బిగబట్టించి, అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. అవి ఆరకముందు చక్రం వేలెడు కదిలినా ఫాల్స్ స్టార్టు. ఆ వేలెడు కదలికను పట్టుకోవడమే బావ పని. ఒక్కో జడ్జికి రెండు కార్లు. బావకు మూడో గడి, నాలుగో గడి.

శిక్ష ఏమిటో కూడా చెప్పాలి. ఫాల్స్ స్టార్టు చేసినవాడు పందెం మధ్యలో ట్రాక్ వదిలి, కార్లు బాగుచేసుకునే పిట్ లేన్‌లోకి రావాలి. బడి ముందు నుంచి పోయేటప్పుడు నడిపినంత నెమ్మదిగా ఆ సందంతా నడపాలి. ఆగకూడదు, ఏమీ చేయించుకోకూడదు. ఊరికే ఈ చివర దూరి ఆ చివర తేలాలి. పక్కన మిగతావాళ్ళు రివ్వున పోతూ ఉంటారు. మొత్తం మీద పాతిక సెకన్లు పోతాయి. పాతిక సెకన్లంటే మనకు ముక్కు చీదుకునే టైము. వాళ్ళకు కొంప మునిగినట్టే.

ఈ శిక్షను బావ ఇంటికి కూడా తెచ్చాడు. అందరికీ వడ్డించకముందే కంచంలో చెయ్యి పెట్టినవాళ్ళు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, వంటింటి నడవాలో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి పెరటి తలుపు తాకి రావాలి. పరుగెత్తితే మళ్ళీ మొదటినుంచి. నా మేనకోడలికి చిన్నప్పుడు అదో ఆట. నాకైతే ప్రతి ఆదివారం తప్పని నడక.

"బావమరిదీ, వేలు కదిలింది," అనేవాడు నీళ్ళ గ్లాసు వెనకనుంచి.

"ఈగను తోలాను బావా."

"ఈగ నా కళ్ళకు కనిపించలేదు. వేలు కనిపించింది. నడువు."

"అక్కా, నువ్వైనా చెప్పవే."

"జడ్జి చూశానంటే చూసినట్టే రా. అప్పీలు లేదు," అనేది అక్క, వడ్డిస్తూనే.

ట్రాక్ మీద కూడా నియమం అచ్చం అదే. స్టార్టు జడ్జి తన కళ్ళతో చూశానని రాసిస్తే దాని మీద ఎవరూ వాదించడానికి లేదు. అందుకే ఆ స్టూలు మీద ఎవరిని పడితే వాళ్ళని కూర్చోబెట్టరు. డ్రైవర్లు బావను 'రెప్పలేనాయన' అనేవాళ్ళు. లైట్లు వెలిగినప్పటినుంచి ఆరేదాకా ఆయన రెప్ప వేసినట్టు ఎవరూ చూడలేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన చెయ్యి ఎత్తింది పదకొండుసార్లు. ఆ పదకొండుమందిలో ఒక్కడు కూడా తర్వాత వచ్చి, లేదు నేను కదల్లేదు అనలేదు.

ఆయన చూసే పద్ధతి ఇది. ట్రాక్‌కు అవతలివైపు పొడుగ్గా తెల్ల గోడ ఉంది. ప్రతి గడికీ ఒకటి చొప్పున గోడ మీద నిలువుగా నల్ల గీత వేసి ఉంటుంది. స్టూలు మీద కూర్చుని చూస్తే కారు ముందు చక్రం అంచుకూ, వెనక గోడ మీది నల్ల గీతకూ మధ్య సన్నని తెల్ల సందు కనిపించాలి. ఆ సందు ఉన్నంతసేపూ కారు తన గడిలో ఉన్నట్టు. సందు మూసుకుపోయి గీత చక్రం వెనక దాక్కుందంటే కారు ముందుకొచ్చినట్టు. పందెం రోజు పొద్దున్నే వచ్చి, స్టూలు వేసుకుని, గీతలన్నీ ఒక్కొక్కటే కొలిచి చూసుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మానలేదు. ఆ ఒక్క రోజు తప్ప.

ఇక నా సంగతి. నేను రోడ్ల మీద గీతలు వేసేవాడిని. నడిచేవాళ్ళు దాటే చోట తెల్ల పట్టీలు, బడి ముందు పసుపు గీతలు, బళ్ళు నిలిపే చోట గడులు, అన్నీ నావే. ఆ ఏడాది ట్రాక్ గోడకు కొత్తగా సున్నం కొట్టించారు. నల్ల గీతలన్నీ సున్నం కిందకు పోయాయి. మళ్ళీ వేసే పని బావే నాకు ఇప్పించాడు.

నా కొలత టేపుకు కొస విరిగింది. మొదటి పది సెంటీమీటర్లు లేవు. కొత్తది కొనచ్చు, కానీ చేతికి అలవాటైన సరుకు పారేయబుద్ధి కాలేదు. పది అంకె దగ్గర మేకు కొట్టి పట్టుకుని, ప్రతి కొలతకూ పది కలుపుకునేవాడిని. నాలుగు మీటర్ల ఇరవై కావాలంటే టేపు మీద నాలుగు ముప్ఫై దగ్గర గుర్తు పెట్టాలి. ఏళ్ళ తరబడి అలాగే చేశాను, ఎక్కడా తేడా రాలేదు. ఆ శనివారం మూడు గీతలకు కలిపాను. నాలుగో గీత దగ్గర ఉండగా రంగు డబ్బా మీద మూత పెట్టలేదని గుర్తొచ్చి, వెళ్ళి మూత పెట్టి వచ్చాను. వచ్చాక కలపలేదు. గీత పది సెంటీమీటర్లు వెనక, కారు నిలబడే వైపుకు పడింది. మిగతావి సరిగ్గానే వేశాను.

ఆదివారం పొద్దున బావ స్టూలు పట్టుకుని బయల్దేరాడు. నేను ఊరుకుంటేనా?

"ఎక్కడికి బావా, నా గీతలకు ఎర్ర దారాలు కట్టడానికా?"

"అలవాటురా."

"అంటే నా పని మీద నమ్మకం లేదన్నమాట. చెప్పెయ్, అక్కతో చెప్పుకుంటాను."

ఆయన నవ్వి స్టూలు కింద పెట్టేశాడు. "నువ్వు వేశాక ఇంక చూసేదేముందిలే. పద, టీ తాగుదాం," అన్నాడు. ఆ టీ నేనే పోయించాను.

అది ఆ ఏడాదికి ఆఖరి పందెం. నాలుగో గడిలో నిలబడింది ఒక బస్సు డ్రైవరు. వారమంతా సిటీ బస్సు నడిపి, ఆదివారం పందెం కారు నడిపేవాడు. వయసు ముప్ఫై నాలుగు. ఆ రోజు మొదటి ముగ్గురిలో వస్తే ఒక కంపెనీ తన టీములోకి తీసుకుంటుంది. ఆ వయసులో ఇంకో అవకాశం రాదని అతనికీ తెలుసు, చూడటానికొచ్చిన అతని భార్యకూ తెలుసు. అతను కారును తన గడిలో తెల్ల గీతకు నాలుగు వేళ్ళ ఇవతల ఆపాడు. నియమం ప్రకారం వంక పెట్టడానికి లేదు.

బావ అప్పటికి మూడో గడి వైపు చూస్తున్నాడు. ఆ కారు ఆగడం కాస్త ఆలస్యమైంది. ఇటు తిరిగేసరికి పైన లైట్లు వెలగడం మొదలైంది. నాలుగో చక్రం పక్కన తెల్ల సందు లేదు. నల్ల గీత చక్రం వెనక ఉంది. లైట్లు ఆరలేదు. బావ చెయ్యి ఎత్తాడు.

అప్పటికి పందెం మొదలైపోయింది. రెండు చుట్లు తిరిగేసరికి బస్సు డ్రైవరు రెండో స్థానంలోకి వచ్చాడు. అప్పుడు అతని నంబరు రాసిన బోర్డు చూపించారు. పిట్ లేన్‌లోకి వచ్చాడు. నేను అక్కడే కంచె పట్టుకుని నిలబడి ఉన్నాను. నా ముందునుంచే ఆ నడవాలో నెమ్మదిగా వెళ్ళాడు. హెల్మెట్‌లోంచి కళ్ళు మాత్రం కనిపించాయి. పన్నెండో స్థానంలో ముగించాడు.

పందెం అయ్యాక ఆ డ్రైవరు బావ స్టూలు దగ్గరకు వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాం. అరవలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, మీరు నిజంగా చూశారా?"

"చూశాను బాబూ."

"నేను కదల్లేదండి."

"చూశానమ్మా," అన్నాడు బావ, ఈసారి కాస్త మెల్లగా.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. పదకొండుమందిలో ఎవరూ అనని మాట పన్నెండోవాడు అన్నాడు. ఆ పూట బావ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద దిగలేదు.

మర్నాడు ఎవరో వీడియో పంపారు. మెట్ల మీద కూర్చున్న ఒకాయన ఫోన్లో తీసిందట. అందులో నాలుగో కారు స్పష్టంగా ఉంది. ఆగిన చోటునుంచి లైట్లు ఆరేదాకా వెంట్రుకవాసి కదల్లేదు. బావ దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఆపి చూశాడు, పెద్దది చేసి చూశాడు, అక్కను పిలిచి చూపించాడు. "కదిలిందా?" అని అడిగాడు. అక్క ఏం చెబుతుంది? "లేదండీ," అంది. బావ అప్పుడే పందేల అధికారికి ఉత్తరం రాశాడు. నాది పొరపాటు, నా మాట కొట్టేసి ఆ అబ్బాయి శిక్ష రద్దు చేయండి అని. జడ్జి చూసినదాని మీద అప్పీలు ఉండదని, జడ్జి తానే అడిగినా ఉండదని జవాబు వచ్చింది. కింద సంతకం, సీలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

ఆ వీడియో చూసినప్పుడే నాకు అర్థమైంది. కారు కదల్లేదు, బావ చూపు తప్పలేదు. మిగిలింది గీత. బుధవారం ఎవరూ లేని వేళ చూసుకుని ట్రాక్‌కు వెళ్ళి కొలిచాను. పది సెంటీమీటర్లు. గోడకు చేరగిలబడి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. తర్వాత లేచి చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ గీత మీద సున్నం కొట్టేసి, పది కలుపుకుని, సరైన చోట కొత్త గీత వేశాను. ఎండేదాకా విసనకర్రతో విసిరాను కూడా. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి పడుకున్నాను.

రేపు చెబుదామనుకున్నాను. మొదటివారం నా పని పోతుందని భయం. రెండోవారం, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలని భయం. ఆ తర్వాత భయం కూడా లేదు, నోరు పెగల్లేదంతే. పిరికివాడికి వారాలు ఇట్టే గడిచిపోతాయి.

బావ స్టూలు వదిలేశాడు. బతిమాలినా వెళ్ళలేదు. మరుసటి ఏడాదికల్లా గడుల కింద ఏవో యంత్రాలు పెట్టారు, జడ్జీల అవసరం తీరిపోయింది. అంతటితో ఆగితే బాగుండేది. మిల్లులో కట్టిన దారం విప్పడం, విప్పిన చోట మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒకే తాను అంచుకు నూటికి పైగా ఎర్ర దారాలు కట్టాడట. మేస్త్రీ ఒక్కొక్కటీ విప్పి చూశాడు. బట్టలో ఒక్క లోపం లేదు.

"ఏమైందన్నా?" అని అడిగాడట మేస్త్రీ.

"ఉందో లేదో తెలియట్లేదు. ఎందుకైనా మంచిదని కట్టాను," అన్నాడట బావ.

పాత మనిషి కదా అని ఉద్యోగం తియ్యలేదు. గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చేవాళ్ళ కార్డులు చూడటం పని. ఆ కార్డుల మీద బొమ్మను, ఎదురుగా ఉన్న మొహాన్ని మార్చి మార్చి చూస్తూ గేటు ముందు వరుస పెంచేవాడు. కొన్నాళ్ళకు ఆయనే మానేశాడు.

ఇంట్లో నడవా శిక్ష కూడా ఎప్పుడో చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఒక ఆదివారం నా మేనకోడలు కావాలనే, అక్క ఇంకా గిన్నె మూత తియ్యకముందే, కంచంలో చెయ్యి పెట్టింది. పెట్టి, వాళ్ళ నాన్న మొహంలోకి చూస్తూ అలాగే ఉంచింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల అది.

"నాన్నా, చూశావా?" అంది.

బావ కళ్ళు దించుకున్నాడు. "నేను చూడలేదమ్మా. తిను," అన్నాడు.

ఆ పిల్ల లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, తనంతట తానే నడవాలో నడిచి వెళ్ళింది. పెరటి తలుపు దగ్గర చాలాసేపు ఉండిపోయింది. వెళ్ళాల్సింది నేను. నేను కూర్చుని తిన్నాను.

పోయిన నెల ఒక సాయంత్రం పనినుంచి వస్తున్నాను. వాళ్ళ ఇంటికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల బావ నిలబడి ఉన్నాడు. చేతిలో పాల ప్యాకెట్టు. ఇంట్లో ఎవరూ లేరని ఎలాగో ధైర్యం చేసి వెళ్ళాడట, వెళ్ళేటప్పుడు ఎవరో ముసలాయన దాటించాడట. తిరిగి రావడానికి మనిషి దొరకలేదు. రోడ్డు మీద పురుగు లేదు. కొంచెం దూరంలో ఒక లారీ ఆగి ఉంది, అంతే. దానికి డ్రైవరు కూడా లేడు, టైరు కింద రాయి పెట్టి ఉంది. బావ దానివంక కన్నార్పకుండా చూస్తున్నాడు. ప్యాకెట్టు చల్లదనం పోయి చాలాసేపైంది.

"ఏం బావా, ఇక్కడున్నావు?"

"ఆ లారీ పోనీ, దాటుదామని."

పక్కనే టీ కొట్టు బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. నాలుగేళ్ళు గొంతులో పెట్టుకున్నది కక్కేశాను.

"బావా, ఆ రోజు తప్పు నీ కళ్ళది కాదు. నాలుగో గీత నేను తప్పుగా వేశాను. పది సెంటీమీటర్లు వెనక పడింది. నువ్వు సరిగ్గానే చూశావు."

ఆయన నావంక తిరిగాడు. "మీ అక్క చెప్పమందా?"

"అక్కకు తెలియదు. ఒట్టు. నా టేపుకు కొస లేదు, నీకు తెలుసుగా. పది కలపడం మర్చిపోయాను."

"టేపు సంగతి తెలుసు. మరి ఆ గీత?"

"బుధవారం వెళ్ళి సరిచేశాను."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"ఊఁ," అన్నాడు. టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకోవడం చూశాను. నమ్మాడనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత ఊపిరి తీసుకున్నాను.

"ఎన్నాళ్ళు ఆలోచించి అల్లావురా ఇది?" అన్నాడు. "టేపును కూడా తెచ్చి బాగా అతికించావు."

"అల్లడమేమిటి బావా, నిజం. నీ కూతురి మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్లు పెట్టకు." నా చేతి మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఎలాంటివాడివో నాకు తెలియదా? నిజంగా నీ వల్లే జరిగి ఉంటే ఆ సాయంత్రమే వచ్చి నా కాళ్ళ మీద పడి ఉండేవాడివి. నన్ను ఇలా చూస్తూ నాలుగేళ్ళు ఊరుకునే మనిషివా నువ్వు?"

ఊరుకున్నాను బావా, అలాంటి మనిషినే అని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన నా వీపు నిమిరాడు.

"చాల్లే. నా కోసం ఇంత పడ్డావు, అదే పదివేలు. మీ అక్క వచ్చేస్తుంది, పద."

లేచి రోడ్డు అంచుకు వచ్చాం. లారీ అక్కడే ఉంది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కదులుతోందా?"

"లేదు బావా. ఆగి ఉంది."

ఆయన లారీ వైపు తల కూడా తిప్పలేదు. నేనన్నాను కాబట్టి, అడుగు వేశాడు.